పాత వస్తువుకు ధర కట్టేదెవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో వాడిన సామాన్లను ఆన్‌లైన్‌లో అమ్మడం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటిని ఇక్కడ ఇస్తున్నాం. ఊరి పేరు మాత్రం ఉంచి, రాసినవారి పేర్లు తీసివేశాం.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. ఉగాది తరువాత బెంగళూరులో ఉన్న అమ్మాయి దగ్గరికి మారిపోతున్నాం. 2019లో 27,000 రూపాయలకు కొన్న డబుల్ డోర్ ఫ్రిజ్, 2021 వేసవిలో 38,000కు కొన్న ఒకటిన్నర టన్ను ఏసీ, మా మామగారు చేయించిన టేకు పందిరి మంచం అమ్మకానికి ఉన్నాయి. ఫ్రిజ్‌కూ ఏసీకీ బిల్లులో సగం ధర వేసి ఓఎల్‌ఎక్స్‌లో పెట్టాం. మంచానికి ఏమి చెప్పాలో తోచక 8,000 అని రాశాం. మంచం కోసం ఆ సాయంత్రానికే ఎనిమిది మంది ఫోన్ చేశారు. ఇంత తొందర ఎందుకో అని మావారికి అనుమానం వచ్చి ఎవరికీ ఇవ్వనన్నారు. ఫ్రిజ్ గురించి నెల దాటినా ఒక్కరూ అడగలేదు. అసలు ధర ఎలా కట్టాలి? (హనుమకొండ)

జవాబు: ఆ ఎనిమిది ఫోన్లలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ప్రకటన వేసిన పూటే అంతమంది ఎగబడ్డారంటే మీరు తక్కువ చెప్పారని, నెల దాటినా పలకరించేవారు లేరంటే ఎక్కువ చెప్పారని అర్థం. మీవారు మంచం ఇవ్వనని మంచి పని చేశారు.

బిల్లులో సగం అనే లెక్క మన ఇళ్ళలో చాలాకాలంగా ఉన్నదే గానీ దానికి ఆధారమంటూ ఏమీ లేదు. మనం ఎంత పెట్టి కొన్నామన్నది కొనేవారికి అక్కరలేని సంగతి. అదే పని చేసే కొత్త వస్తువు ఇవాళ దుకాణంలో ఎంతకు వస్తుంది, దాన్ని కాదని మీది తీసుకుంటే తనకు ఎంత మిగులుతుంది, ఆ మిగులు కోసం వారంటీ లేకపోవడాన్నీ మోసుకెళ్ళే శ్రమనూ భరించవచ్చా అన్నవే ఆయన చూసుకుంటారు. ధర కట్టేవారు కూడా ముందు ఆయన వైపు కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.

ఏసీ సంగతి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీరు ఇచ్చిన 38,000లో పన్ను తీసేస్తే అసలు ధర సుమారు 29,700 అవుతుంది. అదే అసలు ధర మీద ఇప్పటి పన్ను వేస్తే బిల్లు 35,000 దగ్గర ఆగుతుంది. మీ ఏసీ గోడ మీద ఉన్నది ఉన్నట్టే ఉండగా, ఎవరూ దాన్ని ముట్టుకోకుండానే, దానికి పోటీగా ఉన్న కొత్త ఏసీ 3,000 రూపాయలు చౌక అయింది. దీనికి తోడు 2022 జులైలో ఏసీల స్టార్ రేటింగు లెక్కను కఠినం చేశారు కాబట్టి, 2021 లేబుల్ మీద 5 స్టార్ ఉన్న ఏసీ ఆ లెక్కలో 4 స్టార్‌కు దిగుతుంది. లేబుల్ మీద సంవత్సరం ముద్రించి ఉంటుంది, తెలిసినవారు ముందు అదే చూస్తారు. ఇక ఇక్కడ విప్పడానికి, అక్కడ బిగించడానికి, గ్యాస్ సరిచూసుకోవడానికి అయ్యే ఖర్చును ఎవరైనా బేరం మొదలుపెట్టకముందే మనసులో తీసేసుకుంటారు. ఇవన్నీ కలుపుకుంటే మీరు అడిగిన 19,000 రాదు. 14,000 అని రాసి, 12,500 దగ్గర ఇచ్చేయమని నా సలహా. ప్రకటన శివరాత్రి లోపే వేయండి. ఎండలు ముదిరేముందు ఏసీకి ఉన్న గిరాకీ తొలకరి పడ్డాక ఉండదు.

ఫ్రిజ్ లెక్క వేరు. ఫ్రిజ్‌ల మీద పన్ను 2018 జులైలోనే 18 శాతానికి వచ్చేసింది కాబట్టి మొన్నటి తగ్గింపు దానికి తగలలేదు. కానీ మీరు అడిగిన 13,500 చేతిలో ఉన్న మనిషి, దానికి మరికొంచెం వేసుకుంటే కొత్త సింగిల్ డోర్ ఫ్రిజ్ వారంటీతో సహా, వాయిదాల మీద దొరుకుతుంది కదా అనుకుంటాడు. మీ ఫ్రిజ్‌కు పోటీ అది. 8,500 అని వేసి 7,500కు సిద్ధపడండి. ఫ్రిజ్ నడుస్తుండగానే కొనేవారికి చూపించండి. తీగ పీకి, తలుపు తెరిచి, ఎండబెట్టిన ఫ్రిజ్ ఎంత మంచిదైనా, అది పని చేస్తుందని నమ్మేవారు ఉండరు.

మంచానికి ఈ సూత్రాలేవీ వర్తించవు. టేకు ఏటా అరిగిపోయే సరుకు కాదు. ఒక వడ్రంగిని పిలిపించి అందులో ఎన్ని సీఎఫ్‌టీల (ఘనపుటడుగుల) కలప ఉందో కొలిపించండి. అంత పాత టేకుకు టింబర్ డిపోలో ఎంత ఇస్తారో అడగండి. అదే మీ కనీస ధర. పనితనానికి, పందిరి కోళ్ళ నగిషీకి వచ్చేది దాని మీద అదనం. ఫోటోలు తీసేటప్పుడు పైన పరుపు, దుప్పటి వేసి అందంగా తీయడం కన్నా, మంచాన్ని పక్కకు వాల్చి పాలిష్ పడని అడుగు చెక్క మీద టేకు చారలు కనబడేలా ఒక ఫోటో తీయండి. పార్టికల్ బోర్డు మంచాల మధ్య మీ మంచాన్ని వేరుగా నిలబెట్టేది ఆ ఒక్క ఫోటోనే. అది ఎన్ని ముక్కలుగా విడుతుందో, ఇల్లు ఎన్నో అంతస్తులో ఉందో, లిఫ్టు ఉందో లేదో కూడా రాయండి.

ఇంకో మాట. ఇతరుల ప్రకటనలు చూసి ధర కట్టేవారు ఒక విషయం మరచిపోతారు. అక్కడ కనిపించేది అడిగిన ధర, అమ్మిన ధర కాదు. అమ్ముడైన వస్తువు ప్రకటనను తీసేస్తారు కాబట్టి, మన కంటపడే వాటిలో చాలావరకు అమ్ముడుపోక మిగిలినవే. మీ దానిలాంటి ఫ్రిజ్‌లు పదింటి ధరలను తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకుని వారం తరువాత మళ్ళీ చూడండి. వాటిలో ఏవి మాయమయ్యాయో వాటి ధరలే మీకు పనికొస్తాయి.

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం 24,000కు కొన్న ఫోను అమ్మకానికి పెట్టాను. రోజుకు ఇరవై మెసేజులు వస్తున్నాయి. అందరూ “లాస్ట్ ఎంత?” అనే అడుగుతున్నారు. చెబితే మళ్ళీ కనబడరు. అమ్మేముందు ఫోనులో ఏమేమి చేయాలో కూడా చెప్పగలరు. (ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: వస్తువు చూడకుండా చివరి ధర అడిగేవారిలో ఎక్కువమంది కొనేవారు కాదు, పది మందిని అడిగి ధర తెలుసుకునేవారు. మీరు చివరి ధర చెప్పారంటే, నిజంగా కొనే మనిషి వచ్చినప్పుడు బేరం అక్కడి నుంచి కిందికి మొదలవుతుంది. “ఫోను చూశాక మాట్లాడుకుందాం, రేపు సాయంత్రం 5 గంటలకు బీసెంట్ రోడ్డుకు రాగలరా?” అని ఒకే సమాధానం అందరికీ పంపండి. వేళ ఖాయం చేసుకున్నవారే మీ కొనుగోలుదారులు. వారికి తగ్గించడానికి వెయ్యి రూపాయలు మిగుల్చుకుని ధర వేయండి. మన దగ్గర ఎంతో కొంత తగ్గనిదే కొన్న తృప్తి ఎవరికీ ఉండదు కాబట్టి, “ఫిక్స్‌డ్ ప్రైస్” అని రాసి భీష్మించడం వల్ల లాభం లేదు. అలాగని “అర్జెంట్ సేల్” అని రాయకండి. మీ అవసరాన్ని ముందే చాటి చెప్పాక ధర నిలబెట్టుకోవడం కష్టం.

“మంచి కండిషన్” అన్న మాట ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ చదవరు. దానికి బదులు ఇలా రాసి చూడండి: “కుడి అంచు మీద బియ్యపు గింజంత గీత ఉంది. స్క్రీను ఎప్పుడూ మార్చలేదు. ఉదయం ఛార్జింగ్ నింపితే రాత్రి 8 వరకు వస్తుంది. బిల్లు, పెట్టె ఉన్నాయి. ఛార్జర్ కంపెనీది కాదు.” ముందే ఒప్పుకున్న గీతను చూపించి ఎదురుగా నిలబడి 1,000 తగ్గించమనడం ఎవరికైనా కష్టమే.

ఫోనులో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు జతచేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. దొంగ ఫోను కాదన్న నమ్మకం కుదరడానికి ఈ పని కొనేవారి ఎదుటే చేయండి. ధర కుదిరి డబ్బు ఖాతాలో పడ్డాక బ్యాంకు, యూపీఐ యాప్‌ల నుంచి బయటికి వచ్చి, సిమ్మూ మెమరీ కార్డూ తీసి, ఈ-సిమ్ ఉంటే దాన్ని కొత్త ఫోనుకు మార్చి, గూగుల్ ఖాతాను సెట్టింగ్స్‌లో తొలగించి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తొలగించకుండా రీసెట్ చేస్తే ఫోను మళ్ళీ తెరవగానే పాత ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు, అడిగిందంటే తెల్లవారేసరికి కొన్న మనిషి మీ గుమ్మం ముందు ఉంటాడు. ఐఫోన్ అయితే “ఫైండ్ మై” ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ కావాలి. పాత ఫోన్లు కొనే వెబ్‌సైట్లలో మీ మోడల్‌కు ఎంత చూపిస్తున్నారో కూడా చూసుకోండి. ఇంటికి వచ్చి పరీక్షించాక ఆ అంకె తగ్గవచ్చు గానీ, అంతకన్నా తక్కువకు బయటివారికి ఇవ్వనక్కర లేదని మీకు తెలుస్తుంది.

ప్రశ్న: సోఫా 12,000కు పెట్టాను. సైన్యంలో పని చేస్తున్నానని, బదిలీ మీద మా ఊరు వస్తున్నానని ఒకాయన ఫోన్ చేసి, యూనిఫాంలో ఉన్న గుర్తింపు కార్డు ఫోటో పంపారు. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయమని క్యూఆర్ కోడ్ పంపారు. మొదట 1 రూపాయి పోయి 2 రూపాయలు వచ్చాయి. తరువాత 12,000 పోయాయి. పొరపాటు జరిగింది, తిరిగి పంపిస్తానంటూ ఇంకో కోడ్ పంపితే మరో 12,000 పోయాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. (గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: ముందుగా ఇంట్లో చెప్పండి, ఈ ఉత్తరం చదువుతున్న రోజే చెప్పండి. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకూ తెలియజేసి, రెండు లావాదేవీల 12 అంకెల రిఫరెన్స్ నంబర్లు ఇవ్వండి. ఆయనతో జరిగిన సంభాషణను కోపంతోనో సిగ్గుతోనో చెరిపేయకండి, ఇప్పుడు మీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. సొమ్ము అవతలి ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే అక్కడే ఆపించే వీలు ఉంటుంది, చేతులు మారిపోయాక కష్టం. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తానుగా రహస్య వివరాలు బయటపెట్టడం వంటి అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం, బ్యాంకుకు తెలియజేసే వరకు ఖాతాదారుదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుకే ఎంత ఆలస్యమైందని ఆలోచించకుండా ఫిర్యాదు చేయమంటున్నాను.

డబ్బు మన ఖాతాలోకి రావడానికి కోడ్ స్కాన్ చేయనక్కర లేదు, యూపీఐ పిన్ అంతకన్నా అక్కర లేదు. బ్యాలెన్స్ చూసుకోవడానికి కాకుండా పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతాలోంచి బయటికి పోతున్నట్టే. అమ్మేవారు పిన్ కొట్టాల్సిన సందర్భం అసలు రాదు. “డబ్బు జమ అయింది” అన్న ఎస్సెమ్మెస్‌లు, స్క్రీన్‌షాట్లు కూడా దొంగవి తయారు చేస్తారు కాబట్టి, మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ పెరిగిందో లేదో చూసుకున్నాకే వస్తువు కదలనివ్వండి.

ఫోన్ చేసింది సైనికుడు కాడు. సైన్యం మీద మనకున్న గౌరవాన్ని పెట్టుబడిగా పెట్టుకున్న దొంగ. ఇలాంటివారిని పసిగట్టడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటే. సోఫా చూడకుండా, ఒక్క రూపాయి తగ్గించమనకుండా కొంటానన్న మనిషిని నేను ఇంతవరకు గోదావరికి ఈ గట్టునా చూడలేదు, ఆ గట్టునా చూడలేదు.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం నా బైక్‌ను ఆన్‌లైన్ ప్రకటన ద్వారా 31,000కు అమ్మాను. ఆర్‌సీ ఇచ్చేసి, తెల్ల కాగితం మీద సంతకాలు చేయించుకున్నాను. ఇప్పటికీ చలానాలు నా పేరు మీదే వస్తున్నాయి. కొన్న వ్యక్తి ఫోన్ ఎత్తడం లేదు. (కరీంనగర్)

జవాబు: చలానాలు చిన్న సమస్య. ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసు మీ ఇంటికి వస్తుంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే మోటారు వాహనాల చట్టం దృష్టిలో వారే యజమాని అని, బండి ఎన్ని చేతులు మారినా బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఫారం 29 అమ్మినట్టు తెలియజేసేది, ఫారం 30 బదిలీకి దరఖాస్తు. తెల్ల కాగితం ఈ రెండింటికీ బదులు కాదు, అయితే మీరు బండి ఏ రోజున అప్పగించారో చెప్పడానికి పనికొస్తుంది. దాన్ని జాగ్రత్త చేయండి.

ఇప్పుడు ఆ కాగితం నకలు, డబ్బు అందిన బ్యాంకు వివరం జతచేసి ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కొన్న వ్యక్తి చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. మనిషి దొరకకపోతే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. చలానాలను విసుక్కుని పక్కన పడేయకుండా ఒకసారి తెరిచి చూడండి. వాటిలో ఫోటో, తేదీ, కూడలి పేరు ఉంటాయి. బండి ఏ దారిన ఏ వేళకు తిరుగుతోందో, నడిపేది ఎవరో మీ కన్నా ముందు ఆ చలానాలకే తెలుసు.

ఇకముందు బండి అమ్మే పాఠకులకు నేను చెప్పేది, బదిలీ రుసుమును మీరే భరిస్తానని చెప్పి ధరలో కలుపుకోండి, పని మీ చేతుల మీదుగా జరిగిపోతుంది. అప్పు తీరిన బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 కూడా వేయాలి. వేరే రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28 కావాలి. బండి ఇచ్చేటప్పుడు తేదీతో పాటు గంట కూడా రాయించుకోండి, ఎందుకంటే ప్రమాదాలు అప్పగించిన సాయంత్రమే జరిగిన సందర్భాలు ఉన్నాయి. మీకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో పోదు, అది మీది. బీమా సంస్థ నుంచి దానికి పత్రం తీసుకుని కొత్త బండికి వాడుకోవచ్చు. చాలామంది దీన్ని ఊరికే వదిలేస్తున్నారు.

ప్రశ్న: ఊరు మారుతున్నాం. గ్యాస్ పొయ్యి, రెండు సిలిండర్లు కలిపి ఆన్‌లైన్‌లో ఎంతకు పెట్టవచ్చు? (గుంటూరు)

జవాబు: పొయ్యి మీది, నిరభ్యంతరంగా అమ్ముకోండి. సిలిండర్లు, రెగ్యులేటర్ చమురు కంపెనీవి. వాటిని మీరు డిపాజిట్ కట్టి వాడుకుంటున్నారు, అంతే. ఏజెన్సీకి అప్పగించి, వోచరులో రాసి ఉన్న డిపాజిట్ వెనక్కి తీసుకోండి, లేదా కనెక్షన్‌ను కొత్త ఊరికి బదిలీ చేయించుకోండి.

ప్రశ్న: ఇల్లు ఖాళీ చేస్తూ ఫర్నిచర్, టీవీ, కారు అమ్మితే వచ్చిన డబ్బుకు ఆదాయపు పన్ను కట్టాలా? (నెల్లూరు)

జవాబు: సొంత వాడకం కోసం కొన్న గృహోపకరణాలు, కారు వ్యక్తిగత వస్తువుల కిందికి వస్తాయి, వాటి అమ్మకం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. నగలకు ఈ మినహాయింపు లేదు. పాత సామాను కొని అమ్మడమే వ్యాపకంగా పెట్టుకుంటే అది వ్యాపారం, దాని లెక్క వేరు.

ప్రశ్న: మూడు వారాల్లో ఇండియాకు తిరిగి వచ్చేస్తున్నాం. కారును ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాను. ఒకరు, నేను అడిగిన ధర కన్నా 1,500 డాలర్లు ఎక్కువకు క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరు మీద రాసి ఇచ్చే చెక్) పంపుతానని, ఆ అదనపు డబ్బు కారు తీసుకెళ్ళే ట్రాన్స్‌పోర్టు మనిషికి ఇవ్వమని అంటున్నారు. (ఇర్వింగ్, టెక్సస్)

జవాబు: ఆ చెక్ తీసుకోకండి. అమెరికాలో ఇలాంటి చెక్ వేసిన ఒకటి రెండు రోజుల్లోనే డబ్బు వాడుకోవడానికి బ్యాంకు వీలు కల్పిస్తుంది, చెక్ దొంగదని తేలేది ఆ తరువాతే. అప్పటికి మీరు పంపిన 1,500 పోయి ఉంటుంది, చెక్ మొత్తాన్ని కూడా బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. మీరు ఇండియాలో ఉండగా ఇది బయటపడితే ఎంత అవస్థో చెప్పనక్కర లేదు. కొనేవారి బ్యాంకుకే ఇద్దరూ కలిసి వెళ్ళి, కౌంటరులో మీ కళ్ళ ముందు చెక్ తయారు చేయించుకోండి. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) బదిలీకి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు కూడా కలిసే వెళ్ళండి. నంబరు ప్లేట్లు తీసి మీ దగ్గర ఉంచుకోండి. విమానం ఎక్కేలోపే టెక్సస్ మోటారు వాహనాల శాఖకు వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ పంపండి. నియమం ప్రకారం 30 రోజుల గడువున్నా, మీకున్నది మూడు వారాలే.

సామాను మాత్రం అక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. వెట్ గ్రైండర్ విలువ తెలిసినవారు మార్కెట్‌ప్లేస్ కన్నా అక్కడే ఎక్కువగా ఉంటారు.

ప్రశ్న: మా నాన్నగారి పెట్టెలో ట్రాక్టరు బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు దొరికింది. ఇలాంటి నోటును ఒక వెబ్‌సైట్‌లో 3 లక్షలకు పెట్టారు. మేమూ పెడితే కొంటామని ఒకరు ముందుకు వచ్చారు గానీ, రిజర్వు బ్యాంకు అనుమతి కోసం ముందుగా 2,500 రూపాయలు కట్టమంటున్నారు. (శ్రీకాకుళం)

జవాబు: కట్టకండి. పాత నోట్లు, నాణేల అమ్మకాల పేరుతో తమ పేరు వాడుకుని రుసుములు వసూలు చేస్తున్నారని, తాము అలాంటి లావాదేవీలేవీ జరపమని, ఎవరి దగ్గరా రుసుము తీసుకోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. 3 లక్షలన్నది ఎవరో అడిగిన ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. ఆ నోటు ఇంకా చెల్లుబాటులోనే ఉంది కాబట్టి మీ వీధి చివరి కిరాణా కొట్టులో దానికి సరిగ్గా 5 రూపాయల సరుకు వస్తుంది.